టెంటు కప్పుకంటిన జిడ్డు

టెంట్లు కుట్టే దుకాణంలో పనిచేసే ఆమెని ఇంట్లో అందరూ పోలీసు అంటారు. పాలు విరిగితే పాలను వదిలేసి, గిన్నె కడిగినవాళ్లని నిలదీసే రకం. అలాంటి మనిషికి బావ మీద అనుమానం మొదలై మూడు వారాలైంది.

అక్కా బావా సెలవు దొరికితే చాలు, కూతుర్ని తీసుకుని ఏటి ఒడ్డున టెంటు వేస్తారు. వెళ్లేటప్పుడు అక్క నిక్షేపంలా ఉంటుంది. వచ్చేటప్పుడు తల పగిలిపోతోందని, కడుపులో తిప్పుతోందని మూలుగుతూ కారు దిగుతుంది. పాప కూడా వాడిపోయి ఉంటుంది. బావ ఎండదెబ్బ అని తేల్చేశాడు. మరి ఆ ఎండ ఆయన్నొక్కడినే ఎందుకు వదిలేసింది? పోలీసుకి అది మింగుడుపడలేదు.

ఆ రోజు మధ్యాహ్నం మళ్లీ ప్రయాణం. కారులో సామాను సర్దేసి, జిప్పు బాగుచేయించుకుందామని ముగ్గురూ టెంటుతో దుకాణానికి వచ్చారు. అక్కడో పద్ధతి ఉంది. మరమ్మతుకొచ్చిన ప్రతి టెంటునీ గదిలోనే నిలబెట్టి, ఒకరు లోపలికి దూరి అన్నీ మూసుకుని కూర్చుంటారు. ఎక్కడైనా చిల్లుంటే వెలుతురు చుక్కలా కనబడుతుంది.

పోలీసు లోపల కూర్చుంది. చిల్లు లేదు గానీ మాడిన నూనె వాసన వచ్చింది. కప్పు తడిమితే వేలికి జిడ్డు అంటింది. కింద పరచిన గుడ్డ ఒకచోట గుండ్రంగా, పొయ్యి అడుగంత మేర వేడికి ముడుచుకుపోయి ఉంది.

జిప్పు లాగి తల బయటపెట్టింది. "బావా, పొయ్యి ఎక్కడ వెలిగిస్తున్నారు?"

"బయటే. టెంటుకి పదడుగుల దూరంలో."

"ఒట్టు?"

"నీకు వాంగ్మూలం రాసివ్వాలా మరదలా?" అని నవ్వాడు బావ.

"అక్క పొద్దున్నే వాంతులు చేసుకుంటుంటే మీరెక్కడుంటున్నారు?"

"గాలం వేసుకుని ఏటి దగ్గర. తెల్లారకుండానే పోతాను, ఎండెక్కాక వస్తాను."

అబద్ధం చెప్పే మనిషి ఇంత తీరిగ్గా చెప్పడు. పోలీసు చూపు అక్క వైపు మళ్లింది. అక్క ఉన్నట్టుండి పాప జడ విప్పి మళ్లీ అల్లడం మొదలుపెట్టింది.

"ఆయన్నేం అడక్కే. నేనే," అంది చివరికి. "బయట గాలికి పొయ్యి ఆరిపోతోంది. పాప లేవగానే ఆకలంటుంది. ఈయన వెళ్లాక లోపలికి తెచ్చుకుని వెలిగిస్తున్నా. తెలిస్తే అరుస్తారని, వచ్చేలోపు మళ్లీ బయట పెట్టేస్తున్నా."

"గుడ్డ అంటుకుంటే?"

"పక్కనే నీళ్లు పెట్టుకుంటానే."

"మంట ఒక్కటేనా అక్కా? మూసిన చోట పొయ్యి మండితే విషవాయువు పుడుతుంది. దానికి వాసన ఉండదు, రంగుండదు. ముందు తలనొప్పి, తర్వాత మత్తు. ఆ మత్తులోనే ప్రాణం పోతుంది."

బావ వంగి టెంటు లోపలికి చూశాడు. "పైన జాలీలున్నాయిగా, కాస్తయినా గాలాడదా?"

పోలీసు తలెత్తి చూసింది. జాలీలు ఉండాల్సిన చోట రెండు గుడ్డ ముక్కలు, రెండు వరసల కుట్టు. పాప మీద మంచు కారుతోందని అక్క బతిమాలితే, చలికాలంలో తనే కుట్టి మూసింది. పరాయివాళ్లు అడిగితే ససేమిరా అనేది. తన వాళ్లే కదా అని వీళ్లకి ఇంకా గట్టిగా కుట్టింది. మూడు వారాలుగా బావని అనుమానించింది గానీ తన చేతిని అనుమానించలేదు.

"నువ్వు కుట్టిందే కదా, మాకేం కాదులే అనుకున్నానే," అంది అక్క.

ఆ మాటకి పోలీసుకి ఏడుపొచ్చింది. కత్తెర తీసుకుని కుట్లు కోయసాగింది. తొందరలో రెండుసార్లు గుడ్డ చిరిగింది.

"జాలీ తెరిచానని మళ్లీ లోపల వెలిగించేవు. గాలీ వానా ఏదొచ్చినా పొయ్యి బయటే. లేదంటే ఆ పూటకి చల్లటివే తినండి."

అంతవరకూ ఊరుకున్న పాప పిన్ని కొంగు పట్టుకుంది. "పిన్నీ, అందుకేనా పోయినసారి నేను లేవకపోతే అమ్మ బయటికి ఈడ్చుకొచ్చి, ముఖం మీద నీళ్లు కొట్టి ఏడ్చింది?"

ఆ సంగతి అక్క ఎవరికీ చెప్పలేదు. బావ పాపని ఎత్తుకుని గట్టిగా పట్టుకున్నాడు. చాలాసేపు కిందికి దించలేదు.