కొత్త కామలు

బిచ్చయ్యను రైలు పట్టాల పక్కన పడుకోబెట్టడం నేను చూశాను.

1961 ఎండాకాలం. తాండూరు దగ్గర నాపరాళ్ల గనిలో పొద్దున గోడ కూలి బిచ్చయ్య దాని కింద పడ్డాడు. మధ్యాహ్నానికి గుత్తేదారు మనుషులు శవాన్ని బండల లారీలో వేసుకొని ధారూర్ వైపు పోయారు. దింపుడు కూలీగా నేనూ ఆ లారీలో ఉన్నాను. రైలు కింద పడ్డాడని రాయించారు. నా గనిలో ఇంతవరకు ఒక్కడూ చావలేదన్నాడు గుత్తేదారు. నేను నోరు తెరవలేదు.

మేము ఈ ఊరివాళ్లం కాదు. మా పెద్దలు కరువుకు రాయచూరు వైపు నుంచి నడిచి వచ్చారు. ఇక్కడ మాకు భూమి లేదు. ఒక గుడిసె ఉండేది. గనిలో చచ్చినవాడి సుత్తెను మాలో మరొకరు పట్టరు. దాన్ని తెచ్చి ఆ గుడిసెలో వేలాడదీస్తాం. మాకు చదువు రాదు కాబట్టి ఎవరి సుత్తె కామ మీద, అంటే దాని కర్ర పిడి మీద, వాళ్లు గుర్తు కాల్చుకుంటారు. ఒకరిది తేలు, ఒకరిది నెలవంక, ఒకరిది మూడు గీతలు. గుత్తేదారు హాజరు పుస్తకంలోనూ వేలిముద్ర పక్కన అదే గుర్తు.

గుడిసెలో పంతొమ్మిది సుత్తెలు. మొదటిది మమ్మల్ని ఇక్కడికి తెచ్చిన భీమప్పది. చివరి ఏడు ఈ గుత్తేదారు గని తిన్నవాళ్లవి.

కూలీల సంఘం మనిషి ఏసుదాసు గని చావుల మీద అర్జీ పెట్టాడు. అతనిది ఈ ఊరే, మా కులం కాదు. వానలు పడ్డాక వికారాబాదు నుంచి అధికారి విచారణకు వస్తాడని కబురొచ్చింది. ఆ ఏడు కామలు హాజరు పుస్తకం పక్కన పెడితే చాలు, చచ్చినవాళ్లు ఆ గని కూలీలేనని తేలుతుంది, ఇంకే సాక్ష్యం వద్దన్నాడు ఏసుదాసు.

ఆ వారమే గుత్తేదారు మా గుడిసెకు వచ్చాడు. చెప్పులు బయట విడిచాడు. సుత్తెలకు దండం పెట్టాడు. ఇంత దూరం నడిచి వచ్చి ఈ రాయిని లోకానికి చూపిన మీ పెద్దల గుర్తుగా నున్నటి బండలతో గది కట్టిస్తానన్నాడు. ఈ పనిముట్లు అందులో పెడితే బడి పిల్లలు వచ్చి చూస్తారన్నాడు.

ఆ సాయంత్రం అందరం కూడాం. బిచ్చయ్య పెండ్లాం శాంతవ్వ ముందు లేచింది.

"బతికినోళ్ల మీద గోడలు కూలవట్టె. సచ్చినోళ్లకు బంగ్లా ఎందుకే అవ్వా?"

మాలో పెద్దది చంద్రవ్వ. "నలబై ఏండ్ల సంది మన పేరు ఎవడన్న తీసిండా? నేను కన్ను మూసే లోపట జర సూడనీయి బిడ్డా."

వాదన చాలాసేపు నడిచింది. చివరికి ఏసుదాసు కూడా ఒప్పుకున్నాడు. సుత్తెలు గుడిసెలో ఉంటేనేం, గదిలో ఉంటేనేం, అధికారి అక్కడే చూస్తాడు గదా అన్నాడు.

ఒక సంగతి ఎవరూ అతనికి చెప్పలేదు. చచ్చినవాడి పనిముట్టు ఇల్లు మారితే పాత కామతో పోకూడదు. ఆ కర్రకు వాడి చెమట ఉంటుంది. దాన్ని ఏట్లో కలిపి కొత్త కామ వేయాలి. మా తాతల నుంచి అంతే. కామలు వేసే పని నాది. పంతొమ్మిదీ నా చేతులతోనే ఊడగొట్టి కొత్త తుమ్మకర్ర వేశాను. ఆడవాళ్లు పసుపు చల్లారు. పాత కామలు కాగ్నా ఏట్లో ఒకదాని వెనుక ఒకటి పోయాయి.

మరునాడు ఏసుదాసు వచ్చాడు.

"గుర్తులేవి?"

"కాగ్నల కలిపినం" అన్నాను.

నేల మీద కూర్చుండిపోయాడు. "మీ ఆచారం గుత్తేదారుకు తెలుసు. నాకే తెల్వకపాయె."

అధికారి వచ్చిన రోజు గుత్తేదారే అతన్ని కొత్త గదిలోకి తీసుకుపోయాడు. అవన్నీ వీళ్ల తాతల కాలంవని చెప్పాడు. బిచ్చయ్యది ఏదని అధికారి అడిగాడు. శాంతవ్వ ఒక్కొక్కటీ తాకి చూసింది. అన్నీ ఒకే ఇనుము, అన్నీ తెల్లటి కామలు. పోల్చలేకపోయింది.

అప్పుడు నోరు తెరిచాను. "నేను జూసిన సారూ. లారీల నేనుంటి."

ఇన్ని నెలలు ఎందుకు చెప్పలేదన్నాడు. కలం మూత పెట్టాడు.

శాంతవ్వ చేతికందిన సుత్తెను గోడ నుంచి తీసుకుంది. వెనుక చంద్రవ్వ ఒకటి తీసింది. నేను ఒకటి. గోడ ఖాళీ అయింది. ఎవరి మీదా ఎత్తలేదు. పట్టుకొని గని దారికి అడ్డంగా కూర్చున్నాం. ఆ రోజు లారీ కదలలేదు.

పొద్దు గూకక ముందే పోలీసులు వచ్చారు. పంతొమ్మిది మంది మీద గదిలోని సుత్తెల దొంగతనం కేసు. ఠాణాలో జమాదారు పేర్లు అడిగాడు. మా ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. శాంతవ్వ పలికింది.

"రాసుకో. బిచ్చయ్య."

"మొగోని పేరు గదా అది?"

"ఆయన సుత్తె వట్టుకున్న. ఆయన పేరే రాయి."

నేను భీమప్ప అన్నాను. తర్వాతివాళ్లకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. కొట్టారు. పేర్లు మారలేదు. విసిగి అట్లనే రాసుకున్నారు.

వికారాబాదు కోర్టులో బంట్రోతు వాకిట్లో నిలబడి ఒక్కో పేరు మూడుసార్లు పిలిచాడు. చచ్చినవాళ్లందరినీ పిలిచాడు. బిచ్చయ్య పేరు రాగానే శాంతవ్వ లేచింది.

"హాజర్."

మూడు నెలలు వేశారు. మమ్మల్ని పట్టుకుపోయాక వచ్చిన సోమవారానికల్లా యాలాల్ నుంచి వేరే కూలీలు దిగారు. గని నడిచింది. జైల్లోనే చంద్రవ్వ పోయింది. గది ఇప్పటికీ ఉంది. దాని నొసట గుత్తేదారు పేరుంది.

నాకు మళ్లీ పని దొరకలేదు. గని దారి పక్కన ఉలి పెట్టుకొని కూర్చుంటున్నాను. యాలాల్ వాళ్లు గనిలోకి దిగేముందు నా దగ్గర ఆగి సుత్తె ఇస్తారు. ఎవరి గుర్తు వాళ్లు చెబుతారు. నేను చెక్కుతాను, కామ మీద కాదు, ఇనుము మీద.