పీటర్ చొక్కా కింది గుండీ

కోలార్ బంగారు గనుల చాంపియన్ రీఫ్స్‌లో, కూలోళ్ల లైన్ ఇండ్లలో మధ్యాహ్నం రెండు కొడితే ఆడోళ్లు చేతిలో పని వదిలి బయటికొచ్చి దండెం పక్క చూస్తారు. గని మూసేసి ఏండ్లయిపోయింది. అయినా ఒకప్పుడు షిఫ్ట్ సైరన్ కొట్టే ఆ టయానికి, లోపలికి దిగి ప్రాణంతో పైకి రాని మగోళ్ల కాకీ చొక్కాలు దండెం మీద ఊపిరి పోసుకుంటాయి. ఛాతీ పొంగుతాది, భుజాలు నిండుతాయి, చేతులు బరువుగా వేలాడతాయి. కాసేపుండి మళ్లా ఉత్త బట్టయిపోతాయి. పక్కన మిరపకాయలు ఆరబోసినోళ్లు చాపను కొంచెం జరుపుకుంటారు, అంతే.

జూలియమ్మ మొగుడు పీటర్ చొక్కా కూడా అట్లాంటిదే. దానికి కింది గుండీ లేదు. ఆ లైన్లలో ఒక ఆచారం ఉండేది. మొగుడు షిఫ్టుకు దిగితే, ఇంట్లో ఉండే ఆయన రెండో చొక్కా కింది గుండీ తెంపి పెండ్లాం కొంగున ముడేసుకునేది. ఆయన పైకొచ్చినాక మళ్లా కుట్టేది. పీటర్ గుండీ ఇప్పటికీ జూలియమ్మ కొంగులోనే ఉండాది. చీర మారిస్తే ముడి కూడా మారతాది.

కుట్టలేక కాదు ఆయమ్మ కుట్టనిది. ఆ పొద్దు లోపల బండ కూలి పీటర్ పోయినాక, షిఫ్ట్ బాసు జయరాం లైనంతా తిరిగి ఒకటే మాట చెప్పినాడు: నేను వద్దంటే వినకుండా దిగినాడు, తన చావు తానే తెచ్చుకున్నాడు అని. ఆ పొద్దు పీటర్ పక్కన నిలబడి అంతా విన్న తోటి కూలోడు డెరిక్ మాత్రం జరిగింది వేరే అని జూలియమ్మ చెవిలో వేసినాడు. డెరిక్ మాట ఎవురు వింటారు? తాగుబోతోడని తోసేసినారు. కొన్నాళ్లకు వాడూ పోయినాడు. ఇంగ మిగిలింది జయరాం నోరొక్కటే. ఆ నోటితో నిజం వచ్చేదాకా గుండీ కుట్టనని జూలియమ్మ పట్టు పట్టింది. పట్టంటే అట్లాంటిట్లాంటి పట్టు కాదు. రెండు గంటల టయానికి దండెం దగ్గర లేకపోతే ఎట్లా అని కూతురి పెండ్లి భోజనాల్లోంచి కూడా లేచి వచ్చేసింది.

ఆ కూతురే నాన్సీ. మార్కెట్ పక్కన ఆమెకు టైలర్ అంగడి. ఈ ఏడు కోలార్లో ఫ్యాషన్ వీక్ పెట్టి, ఊరి డిజైనర్లకు కూడా ఒక రౌండు ఇస్తామంటే పేరిచ్చింది. కొత్త కాకీ గుడ్డకు కోలార్ పట్టు కలిపి జాకెట్లు, లంగాలు కుట్టింది. ఆఖరి డ్రెస్సుకు మాత్రం పట్టుగూడు రంగు పట్టు లంగా మీదికి నాయన చొక్కానే కావాలని అమ్మను అడిగింది. కత్తెర పెట్టనని ఒట్టేసింది. జూలియమ్మ దండెం మీదినుంచి చొక్కా తీసిచ్చి, "తీసుకుపో. గుండీ జోలికి మాత్రం ఎవురూ పోకూడదు" అన్నింది. అని, తానూ బస్సెక్కింది. చొక్కా యాడుంటే రెండు గంటలకు ఆయమ్మ ఆడ ఉండల్ల కదా.

కల్యాణ మంటపం ముందర ఫ్లెక్సు చూసి నాన్సీ కాళ్లు ఆగిపోయినాయి. ముఖ్య అతిథి, ఇప్పుడు పట్టుచీరల వ్యాపారి అయిన ఆ జయరామే. తెల్ల జుట్టు, నవ్వు మొహం, మెడలో శాలువా. పోదాం పదమ్మా అన్నింది. జూలియమ్మ కొంగు ముడి గట్టిగా బిగించుకుని, "యాడికి పోయేది? వాడే చూడనీ మనల్ని" అని లోపలికి నడిచి ఆఖరి వరసలో కూర్చునింది.

లోపల ఇంకో రోత. షో నడిపించే శశి అనే ఆమె బెంగళూరు నుంచి వచ్చింది. నాన్సీ వచ్చేలోగా, డ్రెస్సులేసుకుని నడిచే ఆడపిల్లల మొహాలకు నల్లరంగు పూసేసి ఉండాది. మైనింగ్ ఫీల్ రావాలంట. నాన్సీకి ఒళ్లు మండిపోయింది. బంగారు గనిలో బొగ్గు యాడిది తల్లీ అని అడిగితే, అంత డీటెయిల్ ఎవురు చూస్తారు అని శశి నవ్వింది. వీళ్ల నాయనలు తాతలు దుమ్ము మింగి మింగి దగ్గి చచ్చింది ఈమెకు మొహానికి పూసుకునే రంగు. నాన్సీ ఇంగ మాట్లాడకుండా గుడ్డ తడుపుకొని ఒక్కొక్క పిల్ల మొహం తుడిచింది. ఆ తుడిచే సందులోనే జరిగిపోయింది జరగకూడనిది.

ఆఖరి డ్రెస్సు వేసుకున్నది వేమగల్ ఫ్యాక్టరీలో పనిచేసే నయన. ఆ పిల్ల ర్యాంపు మీదికి పోయేసరికి సరిగ్గా రెండయింది. నాన్సీ పరదా పక్కనుంచి చూస్తా ఉండాది. చొక్కా పొంగలేదు. పిల్ల భుజాల మీద తడిగుడ్డ మాదిరి వాలిపోయి ఉండాది. అప్పుడు కనపడింది, కింద తళతళమని మెరిసే ఇత్తడి గుండీ. ఫినిషింగ్ లేదు కదా, నేనే వేయించినాను అన్నింది శశి వెనకనుంచి.

గుండీ కుట్టినారంటే మనిషి పైకొచ్చేసినాడని, షిఫ్టు అయిపోయిందని, ఇంగ అడిగేది ఏమీ లేదని లెక్క. ఎవురు చెప్పినారు వీళ్లకు అయిపోయిందని? శశి చెయ్యి పట్టి ఆపబోతే నాన్సీ విదిలించుకుని ర్యాంపు మీదికి పోయింది. నయన ముందర మోకాళ్ల మీద కూర్చుని పండ్లతో దారం తెంపింది. ఇత్తడి గుండీ దొర్లుకుంటా పోయింది.

చొక్కా ఊపిరి తీసుకునింది.

"అక్కా, భుజాలు బరువైనాయి. నడిచేది నేను కాదు," అన్నింది నయన మెల్లగా. నాన్సీ పక్కకు జరిగి దారిచ్చింది. ర్యాంపు చివర వెనక్కి తిరగాల్సిన చోట చొక్కా తిరగలేదు. మెట్లు దిగి, ముందు వరసలో సోఫా దగ్గరికి పోయి, జయరాం ఎదురుగా నిలబడిపోయింది. కెమెరాకు అడ్డం వస్తా ఉండారు, కొంచెం జరగండని మైకు పట్టుకున్నోడు కన్నడంలో బతిమాలుకున్నాడు. చొక్కా కదల్లేదు. జయరాం మొదట ఫోను తీసి ఫొటో పట్టబోయినాడు. తర్వాత ఎగసి పడే ఆ ఛాతీని చూసినాడు, గుండీ లేని చోటు చూసినాడు. ఫోను ఒళ్లో పడిపోయింది. లైన్లలో బతికినోడే కదా, తెలియదా?

ఆఖరి వరసనుంచి జూలియమ్మ నడిచొచ్చింది. ఒకప్పుడు సార్ అని తప్ప పిలవని మనిషి.

"జయరాం, ఆ పొద్దు ఏమి జరిగింది?"

ఆయప్ప చుట్టూ చూసినాడు. మైకు పక్కనే ఉండాది. చొక్కా ఊపిరి మొహానికి కొడతా ఉంటే పాత మాట నోటికి రాలేదు.

"బండ చిటపటమంటా ఉండాది, దిగనన్నాడు పీటర్. దిగకపోతే పని తీసేస్తానన్నాను. నేనే దింపినాను."

"మరి నువ్వు వద్దన్నా దిగినాడని చెప్పింది?"

"అబద్ధం," అన్నాడు జయరాం. ఆ మాట మంటపం ఆ మూలదాకా వినపడింది.

జూలియమ్మ ఆయప్పను తిట్టలేదు, పోనీలే అని కూడా అనలేదు. వాడికి ఆ భాగ్యం ఎందుకు? కొంగు ముడి విప్పింది. నాన్సీ జాకెట్టుకు గుచ్చుకున్న సూది తీసి దారమెక్కించి ఇచ్చింది. జనమంతా చూస్తా ఉంటే ఆయమ్మ కింద కూర్చుని, పాత గుండీని దాని చోట కుట్టింది. దారం కొరికేసరికి చొక్కా పొడుగ్గా ఊపిరి వదిలింది. బరువు దిగిపోయిందక్కా అన్నింది నయన. బయటికొచ్చేటప్పుడు శశి పరిగెత్తుకుంటా వచ్చి, రేపటి షోలో కూడా ఇట్లనే చేయొచ్చా అని అడిగింది. నాన్సీ దొర్లిపోయిన ఇత్తడి గుండీ ఏరి ఆమె చేతిలో పెట్టి బస్సెక్కింది.

మర్నాడు రెండు గంటలకు పీటర్ చొక్కా దండెం మీద గాలికి ఊగతా ఉండాది, ఉత్త బట్ట. జూలియమ్మ లోపల చాపేసుకుని నిద్రపోతా ఉండాది. పగటి పూట ఆయమ్మ కండ్లు మూసింది లైన్లో ఎవురూ చూసి ఎరగరు, అందుకని లేపలేదు.

అదే టయానికి నాన్సీ అంగట్లో మిషను తొక్కతా ఉంటే పక్కింటి ఇసబెల్లా వచ్చి నిలబడింది. చేతుల మీద ఒక కాకీ చొక్కా ఎగసి పడతా ఉండాది. దానికీ కింది గుండీ లేదు. ఆమె వెనక ఇంకొందరు ఆడోళ్లు, వాళ్ల చేతుల్లోనూ చొక్కాలు.

"నాన్సీ, మళ్లా షో యాడమ్మా?" అని అడిగింది ఇసబెల్లా. "మా ఆయన్ని దింపినోడు బంగారుపేటలో ఉండాడు."