గోడ అవతలి నిశ్శబ్దం

ఆరో తరగతికీ ఏడో తరగతికీ మధ్య ఉన్నది అసలు గోడే కాదు, చెక్క అడ్డం. ఒకప్పుడు అదంతా ఒకటే హాలు. పిల్లలు ఎక్కువయ్యాక మధ్యలో చెక్కలు బిగించి రెండు గదులు చేశారు. ఇటు తుమ్మితే అటు వినిపిస్తుంది. ఏడో తరగతికి లెక్కలు చెప్పే ఆవిడ మామూలుగా మాట్లాడినా మెట్ల దాకా వినిపిస్తుంది. పిల్లలు చాటుగా ఆవిణ్ణి మైకు టీచర్ అంటారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. లోలోపల కాస్త గర్వం కూడా. చివరి బెంచీ దాకా గొంతు వెళ్లకపోతే అది పాఠమే కాదని ఆవిడ నమ్మకం.

ఆ ఏడు ఆరో తరగతి లెక్కలకి ఒక కొత్త టీచర్ వచ్చింది. వయసులో చిన్నది, సన్నటి గొంతు, స్టాఫ్ రూంలో ఎవరైనా పలకరిస్తే తప్ప మాట్లాడదు. ఆవిడ వచ్చిన కొన్నాళ్లకే మైకు టీచర్ చెవులు రిక్కించింది. అడ్డం అవతల్నుంచి చప్పుడు లేదు. అల్లరి లేదు, ఎక్కాలు లేవు, టీచర్ గొంతూ లేదు. ఒక ప్రశ్న లాంటిది సన్నగా వినిపించేది. ఆ తర్వాత ఎవరో తలుపేసినట్టు అంతా ఆగిపోయేది.

గది నిండా పిల్లలున్న చోట అంత నిశ్శబ్దం ఊరికే రాదు. టీచర్ కునుకు తీస్తోందా అంటే, అదే నిజమైతే పిల్లలు ఈపాటికి గది పీకి పందిరేసేవాళ్లు. కాబట్టి భయపెడుతోంది. మైకు టీచర్ ఆ నిర్ణయానికి రావడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ గదిలో ఆవిడ కూతురు ఉంది.

కూతుర్ని ఇంట్లో పిచ్చుక అని పిలుస్తారు. పుట్టింది మొదలు నోరు మూసింది లేదు కాబట్టి తండ్రి పెట్టిన పేరు. ఆ పిచ్చుక ఈ మధ్య మాట తగ్గించింది.

"ఇవాళ లెక్కల్లో ఏం చెప్పారే?" అని అడిగింది తల్లి, భోజనాల దగ్గర.

పిచ్చుక కంచం అంచు మీద వేలితో గీతలు గీస్తోంది.

"నిన్నే."

"ఆగమ్మా, ఆలోచిస్తున్నా."

ఏం చెప్పారో చెప్పడానికి ఆలోచన ఎందుకు? ఏదో దాస్తోంది అనుకుంది తల్లి.

"మీ టీచర్ కొడుతుందా?"

"లేదు."

"తిడుతుందా?"

"ఊహూ."

"మరి అంతమంది నోరు కుట్టేసినట్టు కూర్చుంటారేం?"

"టీచర్ అడిగి, చూస్తూ ఉంటారు. మేం చెప్పే దాకా చూస్తూనే ఉంటారు."

మైకు టీచర్ భర్త వైపు తిరిగింది. ఆయనది కళ్లజోళ్ల షాపు. "విన్నారా? చూపులతోనే చంపుతోందిట."

"చూపులో దోషముంటే నా దగ్గరికి పంపు. అద్దాలు మారుస్తాను," అన్నాడాయన, పులుసు కలుపుకుంటూ.

ఆవిడకి నవ్వు రాలేదు.

తర్వాత పరీక్ష పేపర్లు ఇచ్చారు. చిన్నప్పట్నుంచీ లెక్కల్లో ముందుండే పిచ్చుకకి ఈసారి సగానికి కాస్త ఎక్కువ వచ్చాయి, అంతే. తల్లి పేపరు లాక్కుని చూసింది. జవాబులన్నీ కరెక్టే. కొన్నిటి పక్కన మాత్రం టిక్కు బదులు ఎర్ర సిరాతో 'ఎందుకు?' అని ఉంది. కరెక్టు జవాబుకి మార్కులు కోయడమేమిటి? కక్ష తప్ప ఇంకేమవుతుంది? తన కూతురని తెలిసే చేస్తోంది.

మర్నాడు ఇంటర్వెల్‌లో, మెట్ల కింద, కొత్త టీచర్ పిచ్చుకని పక్కకి పిలిచి మాట్లాడుతుండగా ఆవిడ కళ్లారా చూసింది. వంగి, గుసగుసగా ఏదో అడుగుతోంది. పిచ్చుక తలూపుతోంది.

సాయంత్రం దారిలో నిలదీసింది. "ఏమడిగిందే నిన్ను?"

"ఇంట్లో లెక్కలు ఎవరు చెప్తారని అడిగారు."

"నువ్వేమన్నావు?"

"మా అమ్మే అన్నాను."

"ఇంకా?"

"అమ్మ చెప్పాక నువ్వు మళ్లీ ఆమెకి చెప్తావా అని అడిగారు. లేదన్నాను."

మా ఇంట్లో ఎవరు ఎవరికి ఏం చెప్పుకుంటే ఆవిడకెందుకు? ఆ రాత్రి మైకు టీచర్‌కి సరిగ్గా నిద్ర పట్టలేదు. మర్నాడు స్టాఫ్ రూంలో డ్రాయింగ్ మాస్టారు అగ్గికి ఆజ్యం పోశాడు. ఆయనకి ఊళ్లో తెలియని సంగతి ఉండదు. ఆ కొత్తావిడ పాత బడిని ఏడాది మధ్యలో వదిలేసిందట. ఎందుకు వదిలిందో అక్కడివాళ్లు పెదవి విప్పడం లేదట.

"మధ్యలో మానేశారంటే ఏదో ఉండే ఉంటుంది," అన్నాడు పెన్సిలు చెక్కుకుంటూ. "నేనేమీ అనడం లేదు సుమండీ."

ఇంక ఆగలేక ఆవిడ హెడ్మాస్టరు గదికి వెళ్లింది. ఆయన అంతా విని కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"మీరు ఆ క్లాసులో కూర్చుని చూశారా, అమ్మా?"

"కూర్చోవాల్సిన పనేముందండీ? గోడలోంచి అన్నీ తెలుస్తూనే ఉన్నాయి."

"ఏమీ వినిపించడం లేదన్నారుగా. ఏం తెలిసింది మరి? రేపు మీకు ఖాళీ పీరియడ్ ఉంది. వెళ్లి కూర్చోండి. ఆవిడకి నేను చెప్తాను."

ఆవిడ వెళ్లింది. చివరి బెంచీలో, మోకాళ్లు ఇరికించుకుని కూర్చుంది. తల్లి రావడం చూసి పిచ్చుక ముందు వరసలో బిగుసుకుపోయింది. కొత్తావిడ పిల్లలకి ముందే చెప్పి ఉంటుంది, ఇవాళ నాటకం ఆడుతుంది అనుకుంది మైకు టీచర్.

కొత్త టీచర్ బోర్డు మీద ఒక్క లెక్క వేసింది. అరని పావుతో భాగిస్తే రెండు. సుద్దముక్క కింద పెట్టి పిల్లల వైపు తిరిగింది.

"భాగిస్తే తగ్గాలి కదా. ఇక్కడ పెరిగిందేం?"

అంతే. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది.

ఎవరూ మాట్లాడలేదు. కొందరు బోర్డు చూస్తున్నారు, కొందరు కప్పు చూస్తున్నారు. ఒకడు గాలిలో వేలితో ఏదో కోస్తున్నాడు. మైకు టీచర్ పిల్లల మొహాల్లో భయం కోసం వెతికింది, కనిపించలేదు. టీచర్ కళ్లలో కోపం కోసం వెతికింది, అదీ లేదు. ఆవిడ ఊరికే చూస్తోంది. రైలు కోసం చూసేవాళ్లు పట్టాల వైపు చూస్తారే, అలా. ఆ నిశ్శబ్దం మైకు టీచర్ వీపు మీద చీమల్లా పాకడం మొదలుపెట్టింది. ఇంతసేపు ఊరుకోవడమేమిటి? జీతం ఇస్తున్నది దీనికా? చెప్పేస్తే పోయేదానికి. ముందు వరసలో పిచ్చుక చెయ్యి మెల్లగా బల్ల మీంచి లేస్తోంది.

"రెండోదాన్ని తిరగేసి గుణించాలి," అంది మైకు టీచర్.

తను అన్నట్టు ఆవిడకే ఆలస్యంగా తెలిసింది. గది మొత్తం వెనక్కి తిరిగింది. గాలి కోస్తున్న వాడి వేలు ఆగిపోయింది. పిచ్చుక చెయ్యి మళ్లీ బల్ల మీదకి దిగింది.

కొత్త టీచర్ మొహంలో చిరాకేమీ కనిపించలేదు. "ఎలా చెయ్యాలో మేడమ్ గారు చెప్పారు," అంది. "ఎందుకో మనం చూద్దాం." మళ్లీ చేతులు వెనక్కి పెట్టుకుంది.

ఈసారి ఇంకా ఎక్కువసేపు పట్టింది. కిటికీ పక్కన తూగుతున్నట్టుండే పిల్లాడొకడు, "పావు చిన్నది కదా టీచర్," అని ఆగాడు. ఎవరూ తొందరపెట్టలేదు. "అర గ్లాసు నీళ్లలోంచి పావు గ్లాసులు తీస్తే రెండుసార్లు వస్తాయి. అంటే ఎన్నిసార్లు వస్తాయో అడుగుతోంది లెక్క. తగ్గడం గురించి కాదు."

"వీడన్నది ఒప్పుకుంటారా?" అని టీచర్ మిగతావాళ్లని అడిగింది. ఇక ఒకరి మీద ఒకరు మాట్లాడుకున్నారు. కాదన్నవాళ్లూ ఉన్నారు. పిచ్చుక మాత్రం బెల్లు కొట్టేదాకా నోరు విప్పలేదు.

పిల్లలు వెళ్లాక మైకు టీచర్ బెంచీలోంచి కష్టం మీద లేచింది. లేచాక కూడా అనుమానం వదల్లేదు. గొంతు మాత్రం తగ్గింది.

"మా అమ్మాయికి మార్కులెందుకు కోశారు?"

"నాకు అనుమానం వచ్చిందండీ," అంది కొత్త టీచర్. "జవాబులన్నీ రాసింది. ఎందుకని అడిగితే ఒక్కటీ చెప్పలేదు. జవాబులు తనవి కావేమో అనిపించింది. అందుకే ఇంట్లో ఎవరు చెప్తారని అడిగాను."

అంటే ఇన్నాళ్లూ ఈవిడా తనని అనుమానిస్తూనే ఉంది. మైకు టీచర్ చెంపలు వేడెక్కాయి. మనసులో మిగిలిన చివరి ముల్లు బయటపెట్టింది.

"పాత బడి మధ్యలో ఎందుకు మానేశారు మీరు?"

"గొంతు పోయింది. మీలాగే గట్టిగా చెప్పేదాన్ని. పుళ్లు పడ్డాయి. కొంతకాలం మాట్లాడొద్దన్నారు డాక్టరు. తర్వాత, ఇక్కడికి రాకముందు, ఇంకో బడిలో చేరితే, ఒక ప్రశ్న అడిగాక రెండో మాటకి ఓపిక ఉండేది కాదు. ఊరుకునేదాన్ని. నేను ఊరుకుంటే వాళ్లు మాట్లాడుతున్నారని అప్పుడే చూశాను." కాస్త నవ్వింది. "అప్పటిదాకా మా పిల్లలకి ఏమీ రాదనుకునేదాన్ని."

ఇంటికి వెళ్లే దారిలో తల్లే అడిగింది. "చెయ్యెత్తబోయావు కదా. ఏం చెబుదామని?"

పిచ్చుక అనుమానంగా చూసింది. "నువ్వు చెప్పేశావుగా."

"నేను చెప్పింది కాదు. నీది."

పిచ్చుక ఆలోచించింది. తల్లికి మాట నాలుక చివరిదాకా వచ్చింది, పళ్లు బిగించి ఆపుకుంది. కూరగాయల బండి దాటారు, చెప్పులు కుట్టే కొట్టు దాటారు.

"రిబ్బను అనుకున్నా," అంది పిచ్చుక. "అర మీటరు రిబ్బను. అందులో పావు మీటరు ముక్కలెన్ని అని. కానీ అప్పుడు ఇంకోటి తోచింది. పావుకి బదులు ముక్క ఒక మీటరు అయితే? అర ముక్కే వస్తుంది కదా. అదెలా ముక్కవుతుందా అని ఆగాను."

మైకు టీచర్ ఇన్నేళ్లుగా ఆ లెక్క చెబుతోంది. ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అడిగేంత సేపు తను ఆగితే కదా.

వారం తిరిగేసరికి ఆవిడ తన క్లాసులో ప్రయత్నించింది. ప్రశ్న అడిగి ఊరుకుంది. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. టీచర్‌కి ఏమైందోనని ముందు బెంచీలో ఒకమ్మాయి లేచి నీళ్ల సీసా ఇవ్వబోయింది. ఆవిడ తట్టుకోలేక జవాబు తనే చెప్పేసింది. రెండోసారీ అంతే అయింది. అప్పుడు సిగ్గు చంపుకుని కొత్త టీచర్ దగ్గరికెళ్లింది.

"ఆగినంతసేపూ మీరేం చేస్తారు? నాకు ఒళ్లంతా జెర్రులు పాకినట్టుంటుంది."

"చెప్పుల్లో కాలి వేళ్లు గట్టిగా బిగించి పట్టుకుంటాను," అంది కొత్త టీచర్. "ఇప్పటికీ."

ఈ పద్ధతిలో పాఠాలన్నీ సమయానికి పూర్తవుతాయా అన్న అనుమానం మైకు టీచర్‌కి ఇంకా ఉంది. హెడ్మాస్టరుతో ఆ మాట అంది కూడా. కొన్ని రోజులు పాత అలవాటే గెలుస్తుంది. మొన్న మాత్రం ప్రశ్న అడిగి, కాలి వేళ్లు బిగించి, ఎంతసేపైందో తెలియకుండా నిలబడింది. ఏడాదంతా నోరు విప్పని ఒక పొడుగు పిల్ల లేచి తప్పు జవాబు చెప్పింది. తప్పే, కానీ సొంతది. ఆవిడ దిద్దబోయి ఆగి, "ఎందుకలా అనుకున్నావమ్మా?" అని అడిగింది. ఆ పిల్ల కూర్చోకుండా ఆలోచించడం మొదలుపెట్టింది.