అక్క రాయని పరీక్ష

సిబ్బందికి ఇకమీదట శిక్షణంతా కంప్యూటర్లోనే జరగాలని పైనుంచి ఉత్తర్వు వచ్చినప్పుడు ఆసుపత్రి సూపరింటెండెంటుగారు ముందు తల పట్టుకున్నారు, తర్వాత చంటిని పట్టుకున్నారు.

చంటి అంటే చంటిపిల్లాడేం కాదు. నలభై రెండేళ్ళ మనిషి, నెత్తిమీద జుట్టు సగం ఇప్పటికే సెలవు పుచ్చుకుంది. ఆ పేరు ఇంట్లో అక్క పిలిచేది. ఆసుపత్రిలో మాత్రం అందరికీ అతను కంప్యూటరాయన. ప్రింటర్లో కాగితం ఇరుక్కున్నా, ఎక్స్‌రే గదిలో తెర నల్లబడ్డా, చివరికి గోడగడియారం ఆగిపోయినా అతనికే కబురు పెడతారు.

"ఖర్చెంతవుతుందయ్యా?" అన్నారు సూపరింటెండెంటుగారు.

"ఏమీ అవదండీ. కోర్సులు నడపడానికని కొంతమంది కలిసి రాసి, ఎవరైనా వాడుకోండని వదిలేసిన సాఫ్ట్‌వేర్ ఉంది. ఊరికే తెచ్చుకోవచ్చు. లోపల ఎలా రాశారో విప్పి చూడొచ్చు, మనకి కావలసినట్టు మార్చుకోవచ్చు. ఎవరూ ఏమీ అనరు."

ఆయనకి 'ఏమీ అవదు' అన్న ముక్క తర్వాత ఇంకేమీ వినబడలేదు.

ఎక్స్‌రే విభాగం వాళ్ళు అవతల పడేసిన కంప్యూటరొకటి దులిపి, మెట్లకింద గదిలో పెట్టి, చంటి అందులో ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. ఎక్కడైనా చిక్కుపడి ఇంటర్నెట్లో అడిగితే, మొహం కూడా తెలియని ఏ దేశంవాడో పూసగుచ్చినట్టు జవాబు రాసేవాడు. మీటల మీది మాటలన్నీ చంటే కూచుని మన భాషలోకి మార్చాడు. 'సమర్పించుము' అని పెడితే భయపడి ఎవరూ నొక్కరని 'ఇచ్చేస్తున్నా' అని పెట్టాడు. నెల తిరిగేసరికి చేతులు కడుక్కోవడం, మంటలార్పడం, మందులు నిల్వచేయడం అంటూ ఆరు కోర్సులు లేచాయి. నలుగురూ మెచ్చుకుంటుంటే చంటికి కాళ్ళు నేలమీద ఆనలేదు. నిజం చెప్పాలంటే అది మెచ్చుకోదగ్గ పనే.

ఏడో కోర్సు దగ్గర వచ్చింది తంటా.

అది ఆవిరి గదిది. ఆపరేషన్లకి వాడిన కత్తెరలూ పటకార్లూ కడిగి, గుడ్డల్లో మూటలు చుట్టి, పెద్ద ఇనుప పెట్టెలాంటి మిషన్లో పెట్టి, క్రిములన్నీ చచ్చేదాకా ఆవిరి పట్టే గది. ఆ మిషన్ని ఇరవై రెండేళ్ళుగా నడుపుతున్నది చంటి అక్క. ఆసుపత్రంతా ఆమెను ఆవిరక్క అంటారు. మూటని చేత్తో ఎత్తి, ఇందులో ఒక పటకారు తక్కువైందని విప్పకుండానే చెప్పగల మనిషి. చదువు మాత్రం ఏడో తరగతితో ఆగిపోయింది.

కొత్త నియమం ఏమిటంటే, ఆ నెల చివరి శనివారం సాయంత్రం ఐదింటిలోగా కోర్సు పరీక్ష పాసయినవాళ్ళే మిషన్ ముట్టుకోవాలి. కానివాళ్ళు మూడో అంతస్తులో దుప్పట్ల గదికి వెళ్ళి మడతలు పెట్టుకోవాలి. నలభై ప్రశ్నల్లో ముప్పై రెండు రావాలి. ఎన్నిసార్లయినా రాయొచ్చు గానీ రోజుకి ఒక్కసారే. ఒకసారి పాసయ్యాక మళ్ళీ రాయడానికి లేదు. ఈ నియమాలన్నీ ఆ సాఫ్ట్‌వేర్లో బిగించింది చంటే.

అక్క మొదటిసారి రాస్తే పద్నాలుగు వచ్చాయి.

"నిర్జీవీకరణ అంటే ఏమిట్రా?" అంది ఆ సాయంత్రం.

"నువ్వు రోజూ చేసేదే అక్కా."

"అదా? ఇన్నేళ్ళలో నాకెవరూ చెప్పలేదే. తెలిసుంటే వరండాలో ఇంకాస్త గొప్పగా నడిచేదాన్ని."

రోజూ మధ్యాహ్నం భోజనం అయ్యాక శిక్షణ గదికి వచ్చి, మూల కంప్యూటరు ముందు కూచుని, తెరమీద వేలుపెట్టి ఒక్కో మాటే చదువుకునేది. పని తెలియక కాదు ఆమెకి తప్పేది. 'కింది వాటిలో ఏది సరి కాదు' అని అడిగితే సరైనదాని మీద నొక్కేసేది. డిగ్రీలూ ఒత్తిడి అంకెలూ తారుమారయ్యేవి. తప్పినదల్లా నోటుబుక్కులో రాసుకుని, మిషన్ నడుస్తున్నంతసేపూ గొణుక్కుంటూ వల్లె వేసేది. పంతొమ్మిది వచ్చాయి. తర్వాత పదిహేడు. తర్వాత ఇరవై మూడు, ఇరవై ఎనిమిది.

మెట్లకింద గదిలో కూచుని చంటి ఈ అంకెలన్నీ చూస్తూండేవాడు. కోర్సులు నడిపేవాడు కాబట్టి అందరి మార్కులూ అతనికి కనబడతాయి. చివరి గురువారం నాడు ముప్పై వచ్చాయి. ఆవిరి గదిలో మిగతా నలుగురూ ఎప్పుడో గట్టెక్కారు. పట్టికలో నలుగురి పేర్ల పక్కన పచ్చ గుర్తు, అక్క పేరు పక్కన ఎర్ర గుర్తు. సూపరింటెండెంటుగారు అది చూసి, "మీ అక్కగారొక్కరే మిగిలినట్టున్నారే," అన్నారు. ఆయన మామూలుగానే అన్నారు. చంటికి మాత్రం తల కొట్టేసినట్టయింది.

అక్క మీద ప్రేమకొద్దీ చేశానని అతను తర్వాత చాలాకాలం తనకి తాను నచ్చజెప్పుకున్నాడు. ప్రేమ లేదని ఎవరూ అనరు. కానీ అందులో సగానికి సగం సిగ్గు. గడువు ఒక్క వారం పెంచండని అడిగితే సూపరింటెండెంటుగారు పెంచేవారే. అలా అడగడమంటే కంప్యూటరాయన అక్కకి చదువు అంతంతమాత్రమని నలుగురి ముందూ ఒప్పుకోవడం. ఆ మాట అతని గొంతు దాటి రాలేదు. ముప్పై దాకా వచ్చిన మనిషికి ఇంకో రెండు ఎంతసేపు అన్న ఆలోచన కూడా, పాపం, అతనికి రాలేదు.

ఆ సాఫ్ట్‌వేర్లో, నడిపేవాడికి మాత్రమే కనబడే మీట ఒకటుంది. అది నొక్కి ఇంకొకరి పేరుతో లోపలికి వెళ్ళొచ్చు. నాకు పాఠం తెరుచుకోవట్లేదని ఎవరైనా మొత్తుకుంటే, వాళ్ళకి కనబడేదేమిటో చూసి సరిచేయడానికి దాన్ని పెట్టారు. శుక్రవారం పొద్దున్న, ఇంకా ఎవరూ రాకముందే చంటి ఆ మీట నొక్కి అక్క పేరుతో లోపలికి వెళ్ళాడు. మధ్యాహ్నం ఆమె వచ్చేలోగా కానివ్వాలి. ఆమె రాసేస్తే ఆ రోజు అవకాశం అయిపోతుంది, శనివారం కూడా అలాగే అయిపోతే ఇక తను చేయగలిగిందేమీ ఉండదు. పావుగంట కూడా పట్టలేదు. నలభైకి నలభై వస్తే ఎవరైనా ముక్కున వేలేసుకుంటారని, తెలివిగా నాలుగు తప్పులు వేశాడు. 'ఇచ్చేస్తున్నా' అని నొక్కాడు. ముప్పై ఆరు. అక్క పేరు పక్కన పచ్చ గుర్తు పడింది, సూపరింటెండెంటుగారికీ హెడ్ నర్సమ్మకీ దానంతటదే కబురు వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి ఆసుపత్రంతా తెలిసింది. హెడ్ నర్సమ్మ ఆవిరి గదికి వచ్చి అక్క చేతులు పట్టుకుని ఊపేసింది. నన్ను ఆటపట్టిస్తున్నారనుకుంది అక్క. ఎప్పటిలా నోటుబుక్కు తీసుకుని శిక్షణ గదికి వెళ్ళింది. తెర మీద తన పేరూ, ముప్పై ఆరూ కనిపించాయి. రాయడానికి పరీక్ష తెరుచుకోలేదు. నేరుగా మెట్లకింద గదికి వచ్చింది.

"చంటీ, నేనివాళ రాయలేదురా."

"కంప్యూటరు నిన్నటివే మళ్ళీ దిద్దిందక్కా. ఒక్కోసారి మార్కులు మారతాయి."

"ముప్పై కాస్తా ముప్పై ఆరయ్యాయా?"

"అయ్యాయిగా. పాసయ్యావు, ఇంకెందుకు తవ్వడం."

"ఏమేం రాశానో చూపించు."

ఎవరి జవాబులు వాళ్ళు చూసుకోవచ్చు, కాదనడానికి లేదు. అక్క స్టూలు లాక్కుని కూచుంది. కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో ప్రశ్న మీదుగా వేలు కిందికి జరుపుకుంటూ పోయింది. పదిహేడో ప్రశ్న దగ్గర వేలు ఆగింది.

"ఇది పైకి చదువు."

చంటి చదివాడు. "ఆవిరి పట్టడం పూర్తయ్యాక మూట తడిగా ఉంటే ఏం చేయాలి?"

"నేనేం చేయాలన్నాను?"

"కాసేపు గాలికి ఆరబెట్టి ఆపరేషన్ గదికి పంపాలి," అని చదివాడు. చదువుతుండగానే తను చేసిందేమిటో అతనికి తెలిసింది.

మూట తడిగా ఉంటే ఆ తడిలోంచి క్రిములు మళ్ళీ లోపలికి చేరతాయి. అది విప్పి, పొడిగుడ్డలో కొత్తగా చుట్టి, మొదటినుంచీ ఆవిరి పట్టాల్సిందే. ఒకసారి పెద్ద డాక్టరుగారు ఆవిరి గది గుమ్మంలో నిలబడి చిందులు తొక్కుతున్నా, తడి మూట ఇవ్వను, గంట ఆగండని చెప్పింది అక్క. ఆసుపత్రిలో కొత్తగా చేరినవాళ్ళందరికీ ఈ సంగతి కథలా చెప్తారు. చంటికీ తెలుసు. ఏవో నాలుగు తప్పేయాలి గదా అని ఆదరాబాదరాగా వేసినవాటిలో అదొకటి పడిపోయింది.

"నేను తడి మూట పంపుతాననుకున్నావా?" అంది అక్క.

చంటి ఆ పేజీ మూయబోయాడు.

"తీసెయ్. రేపొకరోజుంది, రాసుకుంటాను."

"తీస్తే తీసినట్టు లోపల నమోదవుతుందక్కా. పైవాళ్ళకి పాసయినట్టు కబురు కూడా వెళ్ళిపోయింది. ఎందుకు తీశావంటే ఏం చెప్పను?"

"నువ్వేం చెప్పక్కర్లేదు. నేను రాయలేదని నేనే చెప్తాను."

"నువ్వు చెప్తే నా ఉద్యోగం పోతుంది."

అక్క కళ్ళజోడు తీసింది. చిన్నప్పుడు అమ్మ పనికి వెళ్తే, ఎదురుగా కూచోబెట్టుకుని చంటిచేత లెక్కలు చేయించింది ఈమే. ఏడ్చినా, కాళ్ళు పట్టుకున్నా జవాబు చెప్పేది కాదు. 'సున్నా వస్తే రానీ, నీ సున్నా నువ్వు తీసుకెళ్ళు' అనేది. ఇప్పుడు ఆ మాట అని, నాలుగు తిట్టి ఉంటే చంటికి హాయిగా ఉండేది. ఆమె మాత్రం నోటుబుక్కు మూసి, స్టూలు ఉన్నచోటికి జరిపి వెళ్ళిపోయింది.

శనివారం పొద్దున్న హెడ్ నర్సమ్మ అతన్ని వరండాలో ఆపింది.

"మీ అక్కకేమైందయ్యా? పాసై కూడా దుప్పట్ల గదికి వేయమని అర్జీ పెట్టింది. మీరేమైనా మాటామాటా అనుకున్నారా?"

"లేదండీ," అన్నాడు చంటి. ఆ పూటంతా కాలు కాలిన పిల్లిలా తిరిగాడు గానీ ఆవిరి గది వైపు వెళ్ళలేకపోయాడు. మధ్యాహ్నం మూడింటికి అక్కే వచ్చింది. లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"అర్జీ ఎందుకు పెట్టావక్కా?"

"నావి కాని మార్కులు పెట్టుకుని ఆ మిషన్ ముందు నిలబడలేనురా. కొత్తవాళ్ళు ఏదైనా అడిగితే ఏ మొహం పెట్టుకుని చెప్పను? అది సరే. ప్రశ్నలు తియ్. నువ్వు చదువు, నేను చెప్తాను."

"ఇప్పుడెందుకక్కా?"

"నాకెన్నొస్తాయో నాకు తెలియాలి."

చంటి చదవడం మొదలుపెట్టాడు. అక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. డిగ్రీలు ఆగి ఆగి చెప్పింది, సరిగ్గానే చెప్పింది. మధ్యలో ఒకచోట, "ఆగాగు, కాదు అన్నావా? మళ్ళీ చదువు," అంది. మళ్ళీ చదివితే, వేళ్ళమీద ఒక్కొక్కటీ తీసేసుకుంటూ పోయి మిగిలింది చెప్పింది. రసాయనాల పేర్ల దగ్గర మూడు, మిగతాచోట్ల ఇంకొన్ని పోయాయి. పదిహేడో ప్రశ్న అతను సగం చదివేసరికే జవాబు చెప్పేసి, తర్వాతది చదవమంది. చంటి ఒక కాగితం వెనక గీతలు పెట్టుకుంటూ వచ్చాడు. నలభై అయ్యాక లెక్కపెట్టాడు. నమ్మలేక మళ్ళీ లెక్కపెట్టాడు.

ఇరవై తొమ్మిది అని చెప్పేద్దామా అనిపించింది. ఎలాగూ తప్పేదాన్నేలే అనుకుని అక్క ఊరుకుంటుంది, తనూ బతికిపోతాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఈలోగా అక్క కళ్ళు తెరిచి అతని వైపే చూస్తోంది.

"ముప్పై మూడు," అన్నాడు.

అక్క మొహం విప్పారింది. ఇన్నాళ్ళుగా మోస్తున్న బరువు దిగినట్టు, మనసారా నవ్వింది. ఆ నవ్వు చూడటం చంటికి అన్నిటికన్నా కష్టమైంది. అది ఎంతోసేపు నిలవలేదు కూడా.

"ఒక్క రోజు ఆగలేకపోయావురా," అంది.

"తప్పయిపోయిందక్కా. అర్జీ వెనక్కి తీసుకో. నువ్వు పాసయ్యావు. ఇంకెవరికి తెలియకపోయినా నాకు తెలుసు."

"నీకు తెలిస్తే ఏం లాభం? నువ్వు చెప్పవుగా."

కోపంగా అనలేదు. డబ్బాలో ఉప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా అంది. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.

సూపరింటెండెంటుగారి గది అదే వరండాలో నాలుగో తలుపు. ఆ రోజు ఆయన ఐదు దాటేదాకా అక్కడే ఉన్నారు. చంటి రెండుసార్లు లేచి ఆ తలుపు దాకా వెళ్ళాడు, రెండుసార్లూ వెనక్కొచ్చి కూచున్నాడు. సోమవారం పొద్దున్న అర్జీ కింద ఆయన సంతకంతో కాగితం వచ్చింది, ఆవిరి గది పట్టికలోంచి అక్క పేరు తీసి దుప్పట్ల గది పట్టికలో చేర్చమని. ఆ పట్టికలు మార్చేది ఆసుపత్రిలో అతనొక్కడే. మార్చాడు.