దొంగిలించిన హీలియం

నేను ఒక తెల్ల మరుగుజ్జు నక్షత్రాన్ని. ఇంధనం అయిపోయిన సూర్యుడి బూడిదముద్ద అనుకోండి. భూమి అంత ఒళ్లు, సూర్యుడిలో సగం బరువు. నాకొక జోడు ఉండేది. అదీ మరుగుజ్జే, కానీ నాకంటే బరువైనది. యుగాల తరబడి ఒకదాని చుట్టూ ఒకటి తిరిగాం. దగ్గరవుతున్నామని నేను మురిసిపోయాను. అది మాత్రం నా ఒంటిమీది హీలియం మీద కన్నేసింది.

దగ్గరికి రాగానే లాగడం మొదలుపెట్టింది. తోలు ఒలిచినట్టు ఒలిచింది. ఆపే బలం నాకు లేదు. సరే, తీసుకో, కడుపారా తీసుకో అన్నాను. దాని ఒంటిమీద పేరుకున్న నా హీలియం వేడెక్కుతోందని దానికి తెలియదు, నాకు తెలుసు. ఒకనాడు అది భగ్గుమంది. ఆ దెబ్బ లోపలికి దూసుకుపోయి దాని గుండెలోని కార్బన్‌ను అంటించింది. నా జోడు గోరంత కూడా మిగలకుండా పేలిపోయింది. నన్ను పట్టి ఉంచే బరువు పోవడంతో, వడిసెలలోంచి వదిలిన రాయిలా బయటపడ్డాను.

ఇంతా చేస్తే పేరు దాని జాతికి వచ్చింది! దూరపు గెలాక్సీల్లో అలా పేలినవాటిని మనుషులు దీపాలన్నారు. అన్నిటి వెలుగూ ఇంచుమించు ఒకటే కాబట్టి, ఎంత మసకగా కనిపిస్తే అంత దూరమని లెక్కగట్టారు. విశ్వం నానాటికీ మరింత వేగంగా విస్తరిస్తోందని వాటితోనే కనిపెట్టారు. దొంగలకు హారతులు! ఆ నిప్పు ఎవరు పెట్టారో మాత్రం తేల్చుకోలేక ఇంకా కొట్టుకుంటున్నారు. నా పగ సంగతి ఒక్కరికైనా తెలియాలన్న పంతంతోనే పరుగెత్తాను.

చివరికి హైదరాబాదులో పరిశోధన చేస్తున్న సుభాషిణి కంట పడ్డాను. వరంగల్ పిల్ల, మొండిఘటం. ఆమె గైడు ప్రొఫెసర్ నాగభైరవకు మరీ వేగంగా కదిలే చుక్కల్ని పొరపాట్లని కొట్టేయడం అలవాటు.

"ఇంత స్పీడు ఏ నక్షత్రానికీ ఉండదమ్మా. కొలతలో తప్పు. తీసెయ్."

ఆ పిల్ల ఊఁ అంటే నా కథ అక్కడితో సరి.

"తియ్య సార్. అన్ని ఫొటోలల్ల గిట్లనే ఉరుకుతాంది."

ఆమె నా దారిని వెనక్కి గీసింది. ఆ గీత ఒక పాత పేలుడు మిగిల్చిన పొగ మధ్యకు పోయింది. అక్కడ నా జోడు ఆనవాలు లేదు. ప్రొఫెసర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"పాపం! తోడు పోయిన బాధలో పరుగెడుతోందన్నమాట."

నాకు ఒళ్లు మండిపోయింది. అందుబాటులో ఉంటే ఆయన మీదా కాస్త హీలియం పోసేదాన్ని.

"బాధ కాదు సార్," అంది సుభాషిణి స్క్రీన్ మీంచి కళ్లు తిప్పకుండా. "చంపి పోతాంది."

ఇన్ని వేల ఏళ్లలో నన్ను జాలి లేకుండా చూసింది ఆమె ఒక్కతే.