గుడ్డ కింద చిటికెనవేలు

దివాకర్ సారు హైదరాబాదులో ట్రైనింగు ముగించుకొని వచ్చిన సోమవారం, ఆఫీసులో బల్లలన్నీ గోడవారకు తోయించాడు. కుర్చీలు గుండ్రంగా వేయించాడు. తన గదిలోని పెద్ద కుర్చీ వదిలేసి, తానూ అందరి మాదిరే ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు.

"ఇకమీదట ఇక్కడ బాసు అనేవాడు లేడు," అన్నాడు. "నాయకుడు పక్కవాణ్ణి నిలదీసే ముందు తనను తాను నిలదీసుకోవాలి. దీన్నే రిఫ్లెక్టివ్ లీడర్‌షిప్ అంటారు. ఎవరి మనసులో ఏముంటే అది బయట పెట్టండి. భయం వద్దు."

ఎవరూ ఏమీ బయట పెట్టలేదు. లెక్కలు చూసే రూతు మాత్రం పక్కనున్న సుంకప్ప చెవిలో గొణిగింది.

"బాసు లేడంట అన్నా. మరి మన జీతాలు ఎవరిస్తారో అడుగు."

"నువ్వే అడుగు మా. నాకు పెండ్లాం బిడ్డలుండారు," అన్నాడు సుంకప్ప.

అటుపక్కన కూర్చున్న ఈరన్న నవ్వు ఆగక తల వంచుకున్నాడు.

అది బిందుసేద్యం పైపులు అమ్మే కంపెనీ. ప్రభుత్వం కొత్తగా సబ్సిడీ ప్రకటించిన కాలం. అనంతపురం జిల్లాలో బోరులో చెంబెడు నీళ్ళున్న ప్రతి రైతూ పైపుల కోసం తిరుగుతున్నాడు. గార్లదిన్నె నుంచి కళ్యాణదుర్గం దాకా ఊర్లన్నీ సుంకప్పా ఈరన్నా కలిసి తిరిగేవాళ్ళు. ఇద్దరికీ కలిపి కంపెనీ ఇచ్చింది ఒకటే మోటారు సైకిలు.

ఈరన్నను ఆ ఉద్యోగంలోకి లాక్కొచ్చింది సుంకప్పే. ఈరన్న నాయన పాపన్న పశువుల సంతలో దళారి. ఇంటరు తప్పిన ఈరన్న నాయన వెంట సంత దుమ్ములో తిరుగుతుంటే, అతని మాటకారితనం చూసి సుంకప్ప రమ్మన్నాడు. "ముసలి ఎద్దును గూడా కోడెదూడని నమ్మించేటోడివి. నీకు పైపులు అమ్మేది ఒక పనా?" అని బండెక్కించుకొని తెచ్చి, దివాకర్ ముందు నిలబెట్టాడు. వచ్చినవాడు నిజంగానే పైపులు అమ్మాడు. చొక్కా టక్కు చేసుకోవడం నేర్చుకున్నాడు. బస్టాండులో నాయకత్వం గురించి ఒక ఇంగ్లీషు పుస్తకం కొని, డిక్షనరీ పక్కన పెట్టుకొని చదివాడు. దివాకర్ గదిలోకి పోయిన ప్రతిసారీ అతని కళ్ళు ముందు పడేది మనిషి మీద కాదు. ఆ కుర్చీ మీద. దాని వీపుకు తెల్లటి టర్కీ తువ్వాలు వేసి ఉండేది.

సుంకప్ప తీరు వేరు. ఎవరి బోరైనా ఎండిపోతే ఆ చేనికి పోయి, పరిచిన పైపులు తనే చుట్టి, నీళ్ళున్న ఇంకో రైతుకు ఇప్పించి వచ్చేవాడు. రైతు బతికేవాడు. కంపెనీకి మాత్రం ఒక అమ్మకం పోయేది. "మనం పైపులు అమ్మేవాళ్ళం సుంకప్పా, చుట్టేవాళ్ళం కాదు," అని దివాకర్ ఎన్నిసార్లు కోప్పడినా, "సరే సార్" అనేవాడు. మళ్ళీ పోయి చుట్టేవాడు. అందుకే ఏ ఊర్లోనైనా రైతులు ముందు సుంకప్పకు మంచం వాల్చి, ఆ తర్వాతే ఈరన్నను కూర్చోమనేవాళ్ళు.

ఆ ఏడాది దివాకర్‌కు హైదరాబాదుకు ప్రమోషన్ వచ్చింది. అతని కుర్చీ సుంకప్పకైనా రావాలి, ఈరన్నకైనా రావాలి. దాంతోపాటు ఇంకో కబురు కూడా దిగింది. ఐదు మార్కులకు అందరినీ లెక్కగట్టాలి. ప్రతి ఆఫీసులో ఎవరో ఒకరికి ఒకటి పడి తీరాలి. ఒకటి పడినవాడు ఇంటికి.

గురువారం సాయంత్రం దివాకర్ ఈరన్నను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. మీటింగులో పుస్తకం భాష మాట్లాడే మనిషి, పని పడినప్పుడు ఊరి భాషలోకి దిగుతాడు.

"కూర్చో ఈరన్నా. సుంకప్పకు నువ్వయితే ఐదుకు ఎన్నేస్తావు?"

"నేనేసేదేముంది సార్. ఆయప్ప నాకంటే పెద్దోడు."

"ఈ కుర్చీలో కూర్చుండేటోడు ఆ మాట అనకూడదప్పా. నీలో నాయకుడు ఉండాడో లేడో ఈడనే తెలిసేది."

ఈరన్న చెయ్యి బల్ల మీద పెట్టి వేళ్ళు చూసుకున్నాడు. దివాకర్ లేచి, కుర్చీ మీది తువ్వాలు తీశాడు. బల్ల మీదున్న ఈరన్న చేతి మీద దాన్ని కప్పాడు.

"నోటితో చెప్పొద్దులే. మా తాత ఎద్దులన్నీ మీ నాయనే గదా అమ్మిపెట్టేది. చిన్నప్పుడు తాత నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకోని ఈ బేరం నేర్పించినాడు. గుడ్డ కింద మాట గుడ్డ కిందనే. సరేనా?"

ఆ ఒక్క మాటతో ఈరన్న భయం సగం పోయింది. సంతలో ధర నోటితో పలకరు. ఇద్దరి చేతులూ తువ్వాలు కింద కలుస్తాయి. పట్టుకున్న వేళ్ళను బట్టి ధర. చుట్టూ ఎంత జనం మూగినా ఎవరికీ అంతు చిక్కదు. బేరం కుదిరినా కుదరకపోయినా ఆ మాట అక్కడే చావాలి. అది బయటపెట్టినవాడు ఆ సంతలో మళ్ళీ తలెత్తినట్టు ఈరన్న పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. గుడ్డ కప్పాక ఎవడైనా మాట తప్పుతాడన్న ఊహ కూడా అతనికి రాలేదు. కాగితం మీద రాయమంటే రాసేవాడు కాదు. దేవుడి ముందు చెప్పమన్నా చెప్పేవాడు కాదు.

దివాకర్ చెయ్యి తువ్వాలు కిందికి వచ్చి, ఈరన్న వేళ్ళు నాలుగు పట్టుకుంది. సరైన మార్కు అదే. ఈరన్నకూ తెలుసు. చెయ్యి కదిలించకుండా ఉంటే అయిపోయేది.

"నాలుగా?" అన్నాడు దివాకర్, కిటికీలోంచి బయటికి చూస్తూ. "నాలుగయితే కుర్చీ ఆయప్పదే."

ఈరన్న ఒక వేలు లాక్కున్నాడు.

"మూడు. నీదీ మూడే. ఇద్దురూ ఒగటే అయిపోతిరే. బయట నుంచి ఇంగొకన్ని తెప్పీయల్ల."

ఇంకొక వేలు వచ్చేసింది.

"రెండుతో కంపెనీకి పనిలేదప్పా ఈరన్నా."

ఎట్లాగూ ఎవరో ఒకరు పోవాల్సిందే కదా అనుకున్నాడు ఈరన్న. నేను లాక్కోకపోతే ఇంకొకడు లాక్కుంటాడు అనుకున్నాడు. మూడో వేలు జారింది. చిటికెనవేలు మిగిలింది. దివాకర్ దాన్ని గట్టిగా నొక్కి వదిలాడు. పైనుంచి చూస్తే తువ్వాలు కదిలినట్టే లేదు.

ఆ సాయంత్రం రోజూ మాదిరే సుంకప్ప బండి వెనక కూర్చొని పోయాడు ఈరన్న. దారిలో సుంకప్ప బండి ఆపి మిరపకాయ బజ్జీలు తీసుకున్నాడు.

"కుర్చీ నీకే వస్తే మాత్రం నాకు అడిగినప్పుడు లీవు ఇయ్యల్ల రా," అన్నాడు. "ఇయ్యకపోతివో, మీ నాయనకు చెప్పి తన్నిస్తా."

"నీకే వస్తాది లేన్నా."

"నాకెందుకప్పా కుర్చీ. ఈ బండి సీటుకే నా నడుము పడిపోయుండాది. తిను, సల్లారిపోతాది."

ఈరన్న తిన్నాడు. సుంకప్ప తన పొట్లంలో మిగిలింది కూడా అతని చేతిలోనే పెట్టాడు.

మరునాడు మళ్ళీ కుర్చీలు గుండ్రంగా వేశారు. దివాకర్ కళ్ళు మూసుకొని, కాసేపటికి తెరిచి, మెల్లగా మొదలుపెట్టాడు.

"రాత్రంతా నన్ను నేను ప్రశ్నించుకున్నాను. ఒక మనిషిని పంపించేటప్పుడు నాయకుడు దాచిపెట్టవచ్చా? దాచకూడదు. సుంకప్పకు ఒకటి పడింది. కానీ ఆ మార్కు నాది కాదు. నేను నాలుగు వేళ్ళు పట్టుకున్నాను. రోజూ ఒకే బండి మీద తిరిగే ఈరన్న మూడు వేళ్ళు తనంతట తనే లాక్కున్నాడు."

లేచి వచ్చి ఈరన్న కుడిచెయ్యి పట్టుకొని పైకెత్తాడు.

"స్నేహం కంటే బాధ్యత పెద్దదని నిరూపించిన చెయ్యి ఇది. రేపటి మీ మేనేజరు చెయ్యి. చప్పట్లు కొట్టండి."

ముందు తనే కొట్టాడు. సారు కొట్టాడు కాబట్టి అందరూ కొట్టారు. రూతు చేతులు కూడా ఆడాయి గాని చప్పుడు రాలేదు.

సుంకప్ప కుర్చీలోంచి లేవలేదు. "ఏ వేలు మిగిలింది సార్?" అని అడిగాడు.

"చిటికెనవేలు."

"అదన్నా మిగిలిచ్చినాడే. మంచోడు."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. సుంకప్ప లేచి, జేబులోంచి బండి తాళం తీసి, ఈరన్న తొడ మీద పెట్టాడు.

"పొద్దన్నే పెట్రోలు పోపించినా. టాంకు నిండుగా ఉండాది. ఎనక బ్రేకు సరిగా పడల్యా, సూసుకో."

మెట్లు దిగి బస్టాండు వైపు నడిచిపోయాడు. ఈరన్న కూర్చున్నచోటు నుంచి కదల్లేదు. తాళం జారి కింద పడితే వంగి తీసుకున్నాడు.

అందరూ పోయాక ఈరన్న దివాకర్ గదిలోకి పోయాడు.

"గుడ్డ కింద మాట బయటపెట్టినారే సార్. మీరూ ఈ జిల్లా మనిషే గదా."

దివాకర్ సూట్‌కేసులో పుస్తకాలు సర్దుకుంటున్నాడు. తల కూడా ఎత్తలేదు.

"గుడ్డ పశువులకు ఈరన్నా. మనుషులకు కాదు. అయినా నీకు మేలే చేసినా. ఇంగ ఈ ఆఫీసులో నిన్ను ఎవ్వడూ స్నేహితుడనుకోడు. మేనేజరుకు అంతకంటే ఏం కావల్ల? నాకు ఆ పని చేసిపెట్టేటోడు లేక సానా ఏండ్లు పట్టింది."

పోయేటప్పుడు భుజం తట్టి, "అప్పుడప్పుడూ నిన్ను నువ్వు ప్రశ్నించుకుంటా ఉండు," అన్నాడు.

కుర్చీ వచ్చింది. డ్రైవరుతో సహా జీపు వచ్చింది. సోమవారం మీటింగులో ఈరన్న గుండ్రంగా వేసిన కుర్చీల్లో కూర్చొని, "మనసులో ఏముంటే చెప్పండి" అంటే, అందరూ చేతులు కట్టుకొని, వేళ్ళు చంకల్లో దాచుకొని కూర్చున్నారు. "అన్నీ బాగుండాయి సార్," అంది రూతు. అంతకుముందు ఆమె అతన్ని అన్నా అనేది.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. వేరుశనగ చేలోనే మాడిపోయింది. ఒక ఆదివారం ఈరన్న జీపు వేసుకొని సంతకు పోయాడు. నాయనకు జీపు చూపించాలని. ప్రమోషన్ సంగతి చెప్పాడు గాని అది ఎట్లా వచ్చిందో చెప్పలేదు.

పాపన్న ఎప్పటి మాదిరే భుజాన ఎర్రగళ్ళ తువ్వాలుతో నీళ్ళతొట్టి పక్కన నిలబడి ఉన్నాడు. చిలమత్తూరు నుంచి వచ్చిన ఆసామి ఒకడు మంచి జత కావాలని అతని పక్కనే కాచుకొని ఉన్నాడు. జీపు చూసి పాపన్న కళ్ళు మెరిశాయి.

"నీదేనా?"

"కంపెనీది నాయనా. నాకిచ్చినారు."

ఇంతలో జనంలోంచి సుంకప్ప వచ్చాడు. వెనక రెండు ఎద్దులు, డొక్కలు ఎండినా కొమ్ములకు నూనె రాసి ఉన్నాయి. జీతం లేదు, మేత లేదు. అమ్ముకోక తప్పని జత. ఈరన్నను చూశాడు. చూడనట్టు ఊరుకోలేదు. తల ఊపాడు.

"రారా సుంకప్పా!" అన్నాడు పాపన్న. "నీ జతను నేను తక్కువకు పోనిస్తానా? నా కొడుక్కి దారి సూపినోడివి." భుజం మీది తువ్వాలు విదిలించి, చెయ్యి ముందుకు చాపి కప్పుకున్నాడు. "పెట్టు చెయ్యి."

సుంకప్ప రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

"గుడ్డ వద్దు మామా. నోటితో చెప్పు."

"ఏందిరా? సంతలో నోటితో చెప్పేదేంది?"

"మీ ఇంటోళ్ళు గుడ్డ కింద నాకొగసారి ధర కట్టినారు. అది ఆఫీసంతా ఇన్యారు. ఇదీ అందరూ ఇననీ."

దగ్గర్లో బేరాలు ఆగిపోయాయి. తువ్వాళ్ళ కింద చేతులు ఉన్నవి ఉన్నట్టే నిలిచిపోయాయి. పాపన్న కొడుకు వైపు తిరిగాడు.

"ఏమిరా?"

ఈరన్న జీపు వైపు ఒక అడుగు వేశాడు. అతని కుడిచెయ్యి ప్యాంటు జేబులో ఉంది. పాపన్న మొహం చూడలేదు, ఆ జేబు వైపే చూశాడు. జీవితమంతా మనుషుల్ని చేతుల్తోనే చదివిన మనిషి. ఇంకేమీ అడగలేదు.

చాపిన చెయ్యి మీంచి తువ్వాలు తీసి ముడిచి పట్టుకున్నాడు. గొంతు సవరించుకొని ధర నోటితో చెప్పాడు. మొదటిసారి ఎవరికీ వినబడలేదు.

"గట్టిగా మామా."

గట్టిగా చెప్పాడు. జనంలో ఎవడో ఈలవేశాడు. ఇంకో దళారి అది విని, వెంటనే అంతకంటే తక్కువకు తన జతను ముందుకు తోశాడు. చిలమత్తూరు ఆసామి అటు తిరిగిపోయాడు. పాపన్న చేత బేరం చేయించుకుందామని వరసలో నిలబడిన ఒక ముసలామె, ఆవు తాడు చుట్టుకొని పక్కకు నడిచింది.

సుంకప్ప ఎద్దులు అమ్ముడుపోలేదు. వాటి మొహాలు ఊరి వైపు తిప్పాడు.

"సుంకప్పా," అన్నాడు పాపన్న.

"నీ మీద ఏమీ లేదు మామా," అని సుంకప్ప ఆగకుండానే పోయాడు. ఎద్దుల వెనక దుమ్ము లేచి ముగ్గురూ కనిపించకుండా పోయారు.

"నాయనా, ఆ సారు మోసం చేసినాడు," అన్నాడు ఈరన్న. "గుడ్డ కింద మాట బయటపెట్టింది ఆయప్ప, నేను కాదు."

"వేళ్ళు ఎవరివిరా?"

ఈరన్న జేబులోంచి చెయ్యి తీయలేదు. పాపన్న తువ్వాలును దులిపి, నాలుగు మడతలు వేసి, కొడుకు భుజం మీద పెట్టాడు. పసిబిడ్డకు బట్ట సర్దినట్టు అంచులు సర్దాడు.

"ఆఫీసర్ల కుర్చీకి గుడ్డ ఉంటాదంట గదా. ఏసుకో. నాకింగ పనిలేదు."

ఉత్త భుజంతో, నెత్తిన గుడ్డ కూడా లేకుండా ఎండలోకి నడిచాడు. ఎదురైనవాళ్ళు పలకరించడానికి చేతులెత్తబోయి, మళ్ళీ దించుకున్నారు.

"పోదామా సార్?" అని జీపు డ్రైవరు అడిగాడు.

ఈరన్న ఎక్కి కూర్చున్నాడు. కళ్ళల్లోకి చెమట కారుతుంటే భుజం మీద చేతికి తగిలినదాంతో మొహం తుడుచుకున్నాడు. ఎద్దుల వాసన, నాయన చేతుల వాసన ముక్కుకు తగిలాక గానీ అదేమిటో గుర్తు రాలేదు. కిటికీలోంచి బయట పడేద్దామని చెయ్యి చాపాడు. సంతలో జనమంతా ఇటే చూస్తున్నారు.

చెయ్యి లోపలికి లాక్కొని, తువ్వాలు ఒళ్ళో పెట్టుకొని, వేళ్ళు దాని కింద దాచుకున్నాడు.