తలుపు చాటు రొట్టె

హులిగెమ్మ అబద్ధాలాడే మనిషి కాదు. ఉన్నది ఉన్నట్టు మొహమ్మీదే అనేసి, ఊళ్లో సగం మందితో మాటల్లేకుండా చేసుకున్న మనిషి. అలాంటిది ఆ రోజు, ఇంటికొచ్చిన వాళ్లు అన్నం తిని లేచేలోగా రెండు అబద్ధాలాడింది. రెండూ పచ్చజొన్న గురించే.

పత్తికొండకు అవతల వాళ్ల పల్లె. చుట్టుపక్కల అందరూ టమోటాకు మళ్లినా ఆ మూడెకరాల్లో మాత్రం ఏటా పచ్చజొన్న పండేది. పసుపు కలిపినట్టుండే పాతకాలపు జొన్న అది. అత్త గిడ్డమ్మ పోయేముందు విత్తనాల కడవ కోడలి చేతిలో పెట్టి, "ఒక్క ముంగారు గూడా ఇత్తనం తెగనీయద్దు పాపా" అంది. ఇరవై ఏళ్లుగా హులిగెమ్మ తెగనీయలేదు. ముంగారు తొలకరికి విత్తడం, పంట చేతికొచ్చేటప్పుడు మంచి కంకులు ఏరి పొయ్యి పొగ తగిలేలా దూలానికి కట్టడం, ఎండాక గింజలకు బూడిద కలిపి కడవలో పోయడం, ఇదే వ్రతం.

ఆ ఏడు మొగుడు శేషన్న తేల్చి చెప్పేశాడు. "ఈ జొన్నను అడిగేటోడు యాడున్నాడే? వచ్చే ముంగారికి మనమూ టమోటానే పెడతాండాం. ఇంగ మాట లేదు." అడిగేవాడు లేడన్నది నిజమే. ఆనాటినుంచి ఆమెకు కడవ వైపు చూడాలంటేనే దిగులు.

అలాంటప్పుడు సుచరిత నుంచి కబురొచ్చింది. మైదుకూరులో అంగడివాళ్ల పిల్ల సుచరిత. ఇటలీలో పుట్టి దేశదేశాలకు పాకిన స్లో ఫుడ్ అనే ఉద్యమంలో పనిచేస్తోంది. ఊరూరి పాత తిండినీ, దాన్ని పండించి వండే మనుషులనూ కాపాడుకోవాలని వాళ్ల పట్టుదల. అక్కడినుంచి ఒకామెను తీసుకొస్తాననీ, పచ్చజొన్న ఇంకా ఉంటే రాసుకుని, కొనేవాళ్లను చూపిస్తామనీ, ఆ రొట్టె తినాలని ఉందనీ జీపు నడిపే ఓబులేష్‌తో చెప్పి పంపింది. ఓబులేష్ చెవిన పడిన కబురు సగమే నోట్లోంచి బయటికొస్తుంది. "దేశం గాని దేశం నుంచి చుట్టాలొస్తాండారక్కా, మీ ఇంట్లోనే భోజనం" అని చెప్పి జీపెక్కి పోయాడు.

చుట్టాలంటే వరి బువ్వ పెట్టాలి. రొట్టె ఇంటివాళ్లు తినేది, వచ్చినవాళ్లకు పెడితే పరువు పోయినట్టే. గిడ్డమ్మ కూడా అంతే. చుట్టాలకు అన్నం వడ్డించి, తాను తలుపు చాటున కూర్చుని, చప్పుడు కాకుండా రొట్టె నమిలేది. అందుకే హులిగెమ్మ పక్కింటి యశోదను అడిగి సన్నబియ్యం తెచ్చి వండింది. పొద్దున కాల్చిన రొట్టెల బుట్టను తలుపు చాటుకు తోసేసింది.

సుచరిత వెంట వచ్చిన దొరసానికి అరవై ఏళ్లుంటాయి. నేల మీదే బాసింపట్టు వేసుక్కూర్చుని, పప్పూ నెయ్యీ కలుపుకుని మర్యాదగా తింది.

"అక్కా, ఈడ మీరు పచ్చజొన్న పండిస్తాండారంట గదా?" అంది సుచరిత.

జొన్న తినే ఇల్లని చులకన చేస్తోందేమో అనుకుంది హులిగెమ్మ. "ఎప్పుడో ఇడిసిపెట్టినాం పాపా."

"రొట్టెలన్నా చేయరా?"

"యాడ రొట్టెలు! మూడుపూటలా బియ్యమే."

సుచరిత మొహం వాడిపోయింది. దొరసానికేదో చెప్పింది, ఆమె తలూపి, రాసుకోవడానికి పక్కన తెరిచి పెట్టుకున్న పుస్తకం మూసి సంచిలో పెట్టేసింది. పరువు దక్కిందని హులిగెమ్మ లోలోపల పొంగిపోయింది. పిచ్చి తల్లి, ఇరవై ఏళ్లు కాపాడిన దాన్ని రెండు ముక్కల్లో వదిలేసుకుంటున్నానని ఆమెకేం తెలుసు!

చేతులు కడగడానికి వాళ్లు లేస్తుండగా చేలోంచి శేషన్న వచ్చాడు, ఎండకు మాడి, ఆకలికి నకనకలాడుతూ. హులిగెమ్మ కళ్లతో సైగలు చేస్తూ అన్నం పళ్లెం ముందు పెట్టింది. పక్కకు తోసేశాడు.

"బువ్వ తింటే పొద్దు వాలేదాకా ఓపిక నిలుస్తాదా? రొట్టెలు యాడ పెట్టినావే?" అంటూ తనే తలుపు చాటుకు పోయి బుట్ట లాక్కొచ్చుకున్నాడు. జొన్న మీద అంత కక్ష కట్టిన పెద్దమనిషి!

హులిగెమ్మకు తలెత్తుకోబుద్ధి కాలేదు. దొరసాని మాత్రం చెంబు కింద పెట్టి, శేషన్న ఎదురుగా వచ్చి కూర్చుని చెయ్యి చాపింది. పాపం, ఆమె కడుపు నిండలేదనుకున్నాడు శేషన్న. సగం రొట్టె తుంచి, చెనిక్కాయల పొడి వేసి ఇచ్చాడు. ఆమె కళ్లు మూసుకుని నమిలింది. మళ్లీ చెయ్యి చాపింది. ఆ తర్వాత చాలాసేపు ఏదో చెప్పింది.

సుచరిత ఆ మాటలు తెలుగులో చెప్పింది. "వాళ్లది కొండల్లో పల్లె అక్కా. మేకపాలు ఇరగ్గొట్టి, ముద్దలు కట్టి మాగబెట్టి తింటారు. పట్నం నుంచి ఎవురన్నా వస్తే వాళ్లమ్మ సిగ్గుపడి వాటిని మంచం కింద దాచేదంట. ఆ తల్లి పోయినాక, ఆ పని తెలిసినోళ్లే లేరంట. నువ్వు దాచినా పోగొట్టుకోలేదు గదా, నీకు దండం పెడతాండా అంటాంది."

దొరసాని నిజంగానే చేతులు జోడించింది. హులిగెమ్మకు కళ్లనీళ్లు ఆగలేదు. లోపలికి పోయి కడవ ఎత్తుకొచ్చి అందరి మధ్యా దించింది.

"అబద్ధం జెప్పినా పాపా. ఇది మా అత్తది. ఆమె ఇడిసిపెట్టింటే నాకు యాడిది? దండం ఆమెకు పెట్టండి."

దొరసాని మూసిన పుస్తకం తెరిచింది. నెల తిరక్కుండా జొన్న కావాలని హైదరాబాదు నుంచి మనుషులొచ్చారు. ముంగారు వాన పడ్డ మర్నాడు శేషన్న ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి, "ఇత్తనాల కడవ ఇట్టియ్యి" అన్నాడు. ఆ ఒక్క మాటకు హులిగెమ్మ మొగుడు చేసిన పాత తప్పులన్నీ క్షమించేసింది.

పంట ఇంటికొచ్చాక రాజంపేట నుంచి వియ్యంకులు వచ్చారు. ఆమె బియ్యం కోసం యశోద గడప తొక్కలేదు. వీధి దాకా వినిపించేలా చప్పుడు చేస్తూ రొట్టెలు తట్టింది. వియ్యపురాలు మొదట ముక్కు ముడిచినా, రెండో రొట్టె తనే అడిగి వేయించుకుంది. హులిగెమ్మ కూడా పళ్లెం తెచ్చుకుని అందరి మధ్యా కూర్చుంది.

ముక్క తుంచి నోట్లో పెట్టుకోబోతూ తలుపు వైపు చూసింది. వియ్యంకులు వింటారని కూడా అనుకోకుండా పైకే అంది: "అత్తా, ఇంగ ఆడెందుకు? నువ్వూ ఈడికి రా."